మ్యాపు మీద అచ్చుకాని రంగు: వాడ పిల్లలకు ఓరియంటీరింగ్ ఎందుకు, ఎలా

2014 మే 25న సంక్షేమ గురుకులాల్లో చదువుతున్న ఇద్దరు పిల్లలు ఎవరెస్టు ఎక్కారు. ఒకరు నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన గిరిజన అమ్మాయి మాలావత్ పూర్ణ. అప్పటికి ఆమెకు ఇంకా పద్నాలుగేళ్ళు నిండలేదు. రెండోవారు ఖమ్మం జిల్లా చర్ల ప్రాంతపు దళిత కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. రాష్ట్రం విడిపోవడానికి ఎనిమిది రోజుల ముందు జరిగిన సంగతి ఇది. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనుకున్నారు, పర్వతారోహకుడు శేఖర్ బాబు బచినేపల్లి శిక్షణ ఇచ్చారు. భువనగిరి బండ మీద మొదలైన సాధన డార్జిలింగ్, లడఖ్ దాకా సాగింది.

ఆ వార్తను మనం గర్వంగా చెప్పుకున్నాం, సినిమా కూడా వచ్చింది. కానీ అందులోని పాఠాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఇద్దరూ పుట్టుకతో కొండలెక్కేవాళ్ళు కారు. ఎవరో కూర్చుని, ఒక్కో మెట్టూ లెక్కవేసి, నేర్పించారు. నేర్పితే మన పిల్లలు నేర్చుకుంటారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఎవరెస్టుకు పంపే డబ్బూ, అధికారీ లేనిచోట, మామూలు హాస్టల్లో, మామూలు పేటలో ఉన్న పిల్లలకు ఏం నేర్పగలం?

నా జవాబు ఓరియంటీరింగ్. చేతిలో మ్యాపు, దిక్సూచి పట్టుకుని, తెలియని నేల మీద దారి వెతుక్కుంటూ పరిగెత్తే ఆట ఇది. ఖర్చు తక్కువ. స్టేడియం అక్కర్లేదు. రాజమహేంద్రవరం లాంటి ఊరిచుట్టూ దీనికి కావలసిన నేలంతా ఉంది. అయితే ఈ ఆటను మన పిల్లలకు నేర్పేటప్పుడు యూరప్ కోచ్‌ల పుస్తకాల్లో లేని ఒక అధ్యాయాన్ని మనమే చేర్చుకోవాలి. ముందు ఆట గురించి, ఆ తర్వాత ఆ అధ్యాయం గురించి చెప్తాను.

ఆట ఏమిటి

ఓరియంటీరింగ్ 19వ శతాబ్దం చివర్లో స్వీడన్, నార్వే సైన్యాల్లో పుట్టింది. 1897లో నార్వేలో మొదటిసారి మామూలు ప్రజల కోసం పోటీ పెట్టారు. 1919లో స్వీడన్‌లో ఎర్న్‌స్ట్ కిలాండర్ అనే స్కౌట్ నాయకుడు, పరుగు పందాల మీద కుర్రాళ్ళకు ఆసక్తి తగ్గిపోతోందని గమనించి, వాళ్ళని అడవిలోకి తీసుకెళ్ళి పెద్ద పోటీ నడిపాడు. అంతర్జాతీయ సమాఖ్య 1961లో ఏర్పడింది. మన దేశంలో ఇది ఎక్కువగా సైన్యంలో కనిపిస్తుంది. మ్యాపు చదవడం మాత్రం ఎన్‌సీసీ సిలబస్‌లోనే ఉంది.

నియమాలు తేలిక. మ్యాపు మీద ఊదారంగు త్రిభుజం ఉన్నచోట పరుగు మొదలు. వరసగా అంకెలు వేసిన వలయాలు మజిలీలు. రెండు వలయాలు ఒకదాంట్లో ఒకటి ఉంటే అది ముగింపు. నేల మీద ప్రతి మజిలీ దగ్గరా తెలుపు, నారింజ రంగుల జెండా ఒకటి వేలాడుతుంది. దాని మీద ఒక నంబరు. అక్కడికి వెళ్ళినట్టు కార్డు మీద గుర్తు వేసుకుని తర్వాతి దానికి వెళ్ళాలి. వరస తప్పకూడదు, ఒక్కటీ వదలకూడదు. ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి ఏ దారిన వెళ్ళాలన్నది మాత్రం పూర్తిగా ఆడేవాళ్ళ ఇష్టం. ఈ ఆట ప్రాణమంతా అక్కడే ఉంది. గట్టు వెంట చుట్టూ తిరిగి వెళ్తే సులువు కానీ దూరం. తోటలోంచి అడ్డంగా కోసుకు వెళ్తే దగ్గర కానీ దారి తప్పే ప్రమాదం. ఎవరూ చెప్పరు. పన్నెండేళ్ళ పిల్ల తనంతట తనే తేల్చుకోవాలి, తన నిర్ణయానికి తనే జవాబుదారీ.

హాస్టల్ జీవితం తెలిసినవాళ్ళకు ఈ మాట విలువ తెలుస్తుంది. గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, గేటు దాటాలంటే చీటీ. ఇలా పదేళ్ళు గడిపిన పిల్లలు ఒక్కసారిగా పెద్ద నగరంలో, యూనివర్సిటీలో పడితే దారి అడగడానికి కూడా జంకుతారు. తెలివి లేక కాదు, ఎప్పుడూ ఎవరూ వాళ్ళను నిర్ణయించుకోనివ్వక.

మ్యాపు మీద రంగులు

ఓరియంటీరింగ్ మ్యాపు బడిలో గోడకు వేలాడే మ్యాపు లాంటిది కాదు. పరిగెత్తేవాళ్ళ కోసం తయారు చేసింది. నలుపు అంటే రాళ్ళు, దారులు, కట్టడాలు. గోధుమరంగు గీతలు ఎత్తుపల్లాలు. నీలం అంటే నీరు. పసుపు అంటే బయలు. తెలుపు అంటే సాఫీగా పరిగెత్తగలిగే తోట లేదా అడవి. ఆకుపచ్చ చిక్కబడే కొద్దీ పొదలు దట్టమని అర్థం, ముదురు పచ్చలో నడవడమే కష్టం.

ఇంకో రంగుంది. ఆలివ్ గ్రీన్, పసుపు కలిసిన మురికి పచ్చ. అది కనిపిస్తే అందులోకి అడుగు పెట్టకూడదు. ఎవరి పెరడో, ఇంటి ముంగిలో అయివుంటుంది. పెడితే పోటీ నుంచి తప్పిస్తారు. ఈ రంగును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

స్కేలు విషయానికొస్తే, అడవి పోటీలకు 1:15,000 లేదా 1:10,000 వాడతారు. ఊళ్ళలో, కాలేజీ ఆవరణల్లో జరిగే చిన్న పోటీలకు 1:4,000. అంటే మ్యాపు మీద ఒక సెంటీమీటరు నేల మీద 40 మీటర్లు. మామూలు ఏ4 కాగితం మీద దాదాపు 840 మీటర్ల వెడల్పు, 1,190 మీటర్ల పొడవున్న నేల పట్టేస్తుంది. ఒక పేట, పక్కనున్న బడి, కాలవ గట్టు, చెరువు అన్నీ అందులో వచ్చేస్తాయి.

దిక్సూచి తర్వాత, ముందు నేల

కొత్తగా నేర్పేవాళ్ళు మొదటి రోజే దిక్సూచి చేతికిచ్చి డిగ్రీల లెక్కలు మొదలుపెడతారు. పిల్లలు బెదిరిపోతారు. మొదటి నెల దిక్సూచి అవసరమే లేదు. ఈ వరసలో వెళ్తే మంచిది.

మొదటి మెట్టు గది. బెంచీలు, బల్ల, తలుపు, కిటికీ, వీటిని పైనుంచి చూసినట్టు గీయించాలి. గీసిన కాగితం పట్టుకుని గదిలో నడవమనాలి. మలుపు తిరిగినప్పుడల్లా కాగితాన్ని కూడా తిప్పాలి. కిటికీ ఎటుంటే కాగితం మీద కిటికీ అటే ఉండాలి. మ్యాపును నేలకు సరిపెట్టడం అంటే ఇదే. ఈ ఒక్క అలవాటు పడితే సగం ఆట వచ్చినట్టే. మ్యాపును తిప్పకుండా ఎప్పుడూ అక్షరాలు నిటారుగా ఉండేలా పట్టుకునేవాళ్ళు ఎడమ, కుడి తారుమారై తప్పిపోతారు.

రెండో మెట్టు ఆవరణ. చిన్న పిల్లలకు దారం ఆట బాగుంటుంది. మజిలీలన్నీ కలుపుతూ నేల మీద ఒక దారం పరిచి, మ్యాపు మీద కూడా అదే గీత గీసి ఇవ్వాలి. దారం వెంట వెళ్తూ తాము మ్యాపులో ఎక్కడున్నామో వేలు పెట్టి చూపిస్తారు. తప్పిపోయే భయం ఉండదు.

మూడో మెట్టు నక్షత్రం. కోచ్ మధ్యలో నిలబడతారు. పిల్లలు ఒక మజిలీకి వెళ్ళి తిరిగి మధ్యకే వస్తారు, మళ్ళీ ఇంకోదానికి. ప్రతిసారీ మాట్లాడే అవకాశం దొరుకుతుంది. ఎవరు ఎక్కడ తడబడుతున్నారో వెంటనే తెలుస్తుంది. ముప్పై మంది పిల్లలకు ఒక్కరే కోచ్ ఉన్నచోట దీనికి మించిన పద్ధతి లేదు. ముందు జంటలుగా, తర్వాత ఒక్కొక్కరుగా పంపాలి.

నాలుగో మెట్టు గుర్తుపెట్టుకుని పరిగెత్తడం. మ్యాపు మజిలీ దగ్గరే కట్టి ఉంటుంది. చూసి, మనసులో పెట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా తర్వాతి చోటుకు వెళ్ళాలి. మ్యాపులో ఉన్న వంద వివరాల్లో పనికొచ్చే మూడింటినే ఏరుకోవడం దీనితో వస్తుంది: కాలవ దాకా, ఎడమకి, రెండో తూము.

ఈ నాలుగూ అయ్యాకే దిక్సూచి. మన ప్రాంతంలో ముల్లు చూపే ఉత్తరానికీ, అసలు ఉత్తరానికీ తేడా చాలా తక్కువ, కాబట్టి మొదట్లో ఆ లెక్కతో తలపోటు అక్కర్లేదు. ముల్లును మ్యాపు మీది ఉత్తర రేఖలతో కలపడం, వెళ్ళాల్సిన వైపు తల ఎత్తి దూరంగా ఒక చెట్టునో స్తంభాన్నో గురిచేసుకోవడం, దాని దాకా వెళ్ళి మళ్ళీ చూడడం, ఇవి చాలు. దిక్సూచి మీదే కళ్ళు పెట్టి నడిచేవాళ్ళు బోదెలో పడతారు. దూరం కోసం అడుగుల లెక్క. వంద మీటర్లు టేపుతో కొలిచి, ఎడమ కాలు ఎన్నిసార్లు పడిందో ప్రతి పిల్లా లెక్కపెట్టుకోవాలి. నడకకు ఒక అంకె, పరుగుకు ఒక అంకె. ఎవరి అంకె వాళ్ళదే, పక్కవాళ్ళది పనికిరాదు.

కోచ్‌లు చేసే ఇంకో పొరపాటు, పరుగులో ముందున్నవాళ్ళనే జట్టుకు ఎంచుకోవడం. మొదటి ఏడాది గెలిచేది వేగంగా పరిగెత్తేవాళ్ళు కాదు, ఆగి చూసుకునేవాళ్ళు. చూడగలిగినంత వేగంగానే పరిగెత్తాలన్నది ఈ ఆట సూత్రం. మెదడు వేగం పెరిగాక కాళ్ళ వేగం పెంచాలి. దానికీ సాధన ఉంది. నాలుగు వందల మీటర్లు గట్టిగా పరిగెత్తించి, ఆయాసం తీరకముందే మ్యాపు చూపించి ‘ఇక్కడి నుంచి ఇక్కడికి ఎలా వెళ్తావు?’ అని అడగాలి.

గోదావరి నేల మీద పాఠాలు

ఐరోపా పుస్తకాల్లో ఈ ఆటంతా కొండలు, లోయలు, పైన్ అడవులు. మన డెల్టాలో పొలాలు అద్దంలా చదునుగా ఉంటాయి. ఎత్తుపల్లాల గీతలు చదవడం ఇక్కడ రాదు. కానీ ధవళేశ్వరం దగ్గర 1847 నుంచి 1852 వరకు కట్టిన ఆనకట్ట ఈ నేలను గీతల మయం చేసింది. కాలవలు, పిల్లకాలవలు, బోదెలు, గట్లు, పుంతలు, లాకులు, తూములు, ఏటిగట్లు. గీతలు చదవడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పలక దొరకదు.

మొదటి పాఠం, గీత పట్టుకుని వెళ్ళడం. మెట్లెక్కేటప్పుడు చేతికి పట్టుకమ్మి ఎలాగో, పరిగెత్తేవాళ్ళకు కాలవ గట్టు అలాగ. గట్టు కుడివైపున ఉన్నంతసేపూ దారి తప్పినట్టు కాదు.

రెండో పాఠం, అడ్డుగీత. మజిలీ దాటి ముందుకు పోతే ఏం తగులుతుందో ముందే చూసుకోవాలి. ‘తారు రోడ్డు వచ్చిందంటే దాటిపోయానని అర్థం, వెనక్కి తిరగాలి.’ ఇది మనసులో ఉంటే ధైర్యంగా పరిగెత్తవచ్చు.

మూడోది, కావాలని పక్కకు గురిపెట్టడం. కాలవ మీద తూము దగ్గర మజిలీ ఉందనుకోండి. బయల్లోంచి నేరుగా తూముకే గురిపెట్టి పరిగెత్తితే కొంత పక్కకు జరిగి కాలవ చేరతారు. తూము కనబడదు. అది ఎడమవైపుందో కుడివైపుందో తెలియదు. అందుకని ముందే తూముకు కాస్త ఎడమగా గురిపెట్టాలి. కాలవ చేరగానే అనుమానం లేకుండా కుడికి తిరగాలి. ‘సరిగ్గా’ వెళ్ళాలనే పట్టుదల కంటే ‘తెలిసి తప్పడం’ మేలని చెప్పే పాఠం ఇది. పిల్లలకు భలే నచ్చుతుంది.

నాలుగోది, దగ్గరి గుర్తు. కొబ్బరితోట మధ్యలో ఉన్న మజిలీని దూరం నుంచి వెతకకూడదు. దానికి దగ్గర్లో ఉండి, తప్పిపోవడానికి వీల్లేని గుర్తు, పంపుసెట్టు గది అనుకోండి, దాకా వేగంగా వెళ్ళి, అక్కడ ఊపిరి పీల్చుకుని, దిక్సూచి పెట్టి, అడుగులు లెక్కపెడుతూ లోపలికి వెళ్ళాలి.

ఎత్తుపల్లాల గీతలు నేర్పడానికి కొండ కావాల్సిందే. రాజమహేంద్రవరానికి ఇరవై కిలోమీటర్ల దగ్గర్లో కోరుకొండ ఉంది. ఇంకా పైకి వెళ్తే రంపచోడవరం, మారేడుమిల్లి అడవులు. కానీ అవి ఆదివాసీల నేల, షెడ్యూల్డ్ ప్రాంతం. ‘ఖాళీ అడవి’ అనుకుని దిగిపోవడం మనకు తగదు. ఆ ఊళ్ళవాళ్ళ ఒప్పుకోలు, అటవీశాఖ అనుమతి తీసుకుని, వాళ్ళ పిల్లల్ని కూడా కలుపుకునే వెళ్ళాలి.

తప్పిపోవడం కూడా నేర్పాలి

ఈ ఆటలో తప్పిపోనివాళ్ళు లేరు. ప్రపంచ విజేతలూ తప్పిపోతారు. తేడా ఏమిటంటే, వాళ్ళు ఒప్పుకుని ఆగుతారు. తప్పామని తెలిసినప్పుడు పిల్లలకు సహజంగా వచ్చేది ఇంకా వేగంగా పరిగెత్తడం. అప్పుడు ఇంకా తప్పుతారు. నేర్పాల్సిన వరస ఇది: ఆగు. మ్యాపును నేలకు సరిపెట్టు. చివరిసారి కచ్చితంగా ఎక్కడున్నావో గుర్తు తెచ్చుకో. అక్కడి నుంచి ఎటు, ఎంతసేపు వచ్చావు? చుట్టూ ఉన్న పెద్ద గుర్తులు ఏవి? అయినా తేలకపోతే తెలిసిన చోటుకు వెనక్కి వెళ్ళు.

పరుగు అయ్యాక అసలు క్లాసు. ప్రతి పిల్లా తాను వెళ్ళిన దారిని ఎర్ర పెన్నుతో మ్యాపు మీద గీయాలి. తప్పిన చోటుతో సహా. పక్కన కూర్చున్నవాళ్ళ దారితో పోల్చి ఎవరిది ఎందుకు బాగుందో మాట్లాడుకోవాలి. ఇక్కడ కోచ్ నోరు జాగ్రత్త. చదువులో, ఆటలో తప్పు జరగ్గానే ‘మీవాళ్ళింతే’ అన్న మాట వినీ వినీ వచ్చిన పిల్లలు మన ముందున్నారు. తప్పు అనేది కులానికి రుజువు కాదు, ఫలానా మలుపు దగ్గర ఫలానా గుర్తు చూడకపోవడమని ఎర్ర పెన్ను గీత చూపిస్తుంది. ఈ పాఠం బతుకంతా పనికొస్తుంది.

అచ్చుకాని ఆలివ్ గ్రీన్

ఇప్పుడు ఆ రంగు దగ్గరికి వద్దాం.

ఓరియంటీరింగ్ పుట్టిన స్వీడన్‌లో అందరికీ సంచార హక్కు ఉంది. ఎవరి అడవిలోనైనా, ఎవరి బీడులోనైనా, పంటకూ ఇంటికీ ఇబ్బంది లేకుండా నడవవచ్చు. 1994 నుంచి ఆ హక్కు వాళ్ళ రాజ్యాంగంలోనే ఉంది. ఆట మొత్తం ఆ నమ్మకం మీద నిలబడింది. మ్యాపు మీద ఆలివ్ గ్రీన్ లేని చోటల్లా నాదే.

మన ఊళ్ళో అలా కాదు. ఏ మ్యాపులోనూ అచ్చుకాని ఆలివ్ గ్రీన్ ఒకటుంది. అది ఎక్కడెక్కడుందో వాడ పిల్లలకు ఆరేళ్ళకే తెలుసు. ఏ వీధిలో చెప్పులతో నడిస్తే చూపులు మారతాయో, ఏ చెరువు గట్టు మీద నిలబడకూడదో, ఏ అరుగు దాటి వెళ్ళకూడదో. మ్యాపులో అది మామూలు దారే, అందరి చెరువే. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ వేల మందితో వెళ్ళి తాకింది అలాంటి చెరువు నీళ్ళనే. 1985 జూలై 17న కారంచేడు నెత్తుటికి దారితీసిన గొడవ మొదలైంది తాగునీటి చెరువు దగ్గరే. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో చెరువు దగ్గర, మిగతా నాయకుల విగ్రహాల సరసన, అంబేడ్కర్ విగ్రహం పెట్టాలనుకున్న దళితులు సాంఘిక బహిష్కరణ ఎదుర్కొన్నారు. ఈ మూడింటిలోనూ తగాదా ఒకటే. ఆ చోటు ఎవరిది?

చట్టం దగ్గర జవాబు స్పష్టంగా ఉంది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు కలిసే చోట్లు ఎవరికీ కాదనకూడదని రాజ్యాంగం 15(2) అధికరణ చెప్తోంది. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 2015 సవరణ తర్వాత అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)లోని (వై), (జడ్ఏ) క్లాజుల ప్రకారం దారిని, ఉమ్మడి వనరుల్ని, శ్మశానాన్ని, నీటి వనరుల్ని వాడుకోకుండా ఎస్సీ, ఎస్టీలను అడ్డుకోవడం నేరం. చెప్పులు వేసుకోనివ్వకపోవడం, బహిరంగ స్థలాల్లో సైకిలెక్కనివ్వకపోవడం కూడా.

మరి కోర్సు గీసే కోచ్ ఏం చేయాలి? రెండు తేలిక దారులున్నాయి, రెండూ తప్పే. ఒకటి, గొడవెందుకని ఆ వీధినీ ఆ చెరువునూ నిశ్శబ్దంగా వదిలేయడం. అప్పుడు మన చేత్తో మనమే కుల పటం గీసినట్టు. రెండోది, హక్కు కదా అని మజిలీ అక్కడే పెట్టి పన్నెండేళ్ళ పిల్లను ఒంటరిగా పంపడం. పిల్లలు సత్యాగ్రహులు కారు. పెద్దవాళ్ళు చేయాల్సిన పోరాటాన్ని వాళ్ళ కాళ్ళ మీద పెట్టే హక్కు మనకు లేదు.

మూడో దారి కాస్త శ్రమ. ముందు పెద్దవాళ్ళు నడవాలి. కోర్సు గీయకముందే పేట పెద్దల్నీ, పిల్లల్నీ కూర్చోబెట్టి ఎక్కడెక్కడ ఆటంకం వస్తుందో అడగాలి. పంచాయతీకి, బడి హెడ్మాస్టరుకు, తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలిపి, కోర్సు మ్యాపు జతచేసి, అందినట్టు సంతకం తీసుకోవాలి. అనుమానం ఉన్న చోట పోటీ రోజున పెద్దవాళ్ళు ఇద్దరు నిలబడాలి. అన్ని వీధుల పిల్లలూ కలిసిన జట్లు చేయాలి. హాస్టల్ పిల్లలు ఒక జట్టు, మిగతావాళ్ళు ఒక జట్టుగా ఎప్పుడూ విడదీయకూడదు. ఎవరైనా అడ్డుపడితే పిల్లలు వాదించకుండా తిరిగి వచ్చేయాలని ముందే చెప్పాలి. జరిగింది తేదీ, సమయం, చోటు, సాక్షులతో రాసిపెట్టుకుని ఫిర్యాదు చేయడం పెద్దల పని. ఆ కోర్సులో ఆ మజిలీని అందరికీ రద్దు చేయాలి, ఒక్క పిల్ల కూడా దానివల్ల ఓడిపోకూడదు.

ఇంకో అభ్యాసం చెప్తాను. ఏ మ్యాపూ చూపించకముందే ప్రతి పిల్లనూ తన ఊరి మ్యాపు గీయమనండి. తన పేటను కాగితం మూలకు నెట్టిందా, మధ్యలో పెట్టిందా చూడండి. ఏమీ అనకండి. ఏడాది శిక్షణ అయ్యాక మళ్ళీ గీయించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి తననే చూసుకోమనండి.

మొదలుపెట్టేవాళ్ళకి

మ్యాపు కోసం ఎదురుచూడక్కర్లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉచితం. దాన్ని తీసుకుని, నేల మీద నడిచి సరిచూసుకుంటూ, ఓపెన్ ఓరియంటీరింగ్ మ్యాపర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీసుకోవచ్చు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల మీద ఆంక్షలు చాలావరకు సడలించింది. డిగ్రీ చదివే పిల్లలు నలుగురు ఒక నెల కూర్చుంటే ఒక కాలేజీ ఆవరణ మ్యాపు తయారవుతుంది. జెండాలను పాత అట్టలకు గుడ్డ చుట్టి చేసుకోవచ్చు. కార్డు మీద గుర్తుకు రంగు పెన్సిళ్ళు చాలు. పదిమందికి ఒక దిక్సూచి ఉన్నా నక్షత్రం ఆట నడిచిపోతుంది.

కాలం: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున్నే. వానల్లో బోదెలు పొంగుతాయి, వేసవి ఎండల్లో వద్దే వద్దు. కాలవ ఈది దాటకూడదన్న నియమం మొదటి రోజే పెట్టాలి, దాటితే పోటీ నుంచి అవుట్. మజిలీని ఎప్పుడూ నీటి అంచున పెట్టకూడదు. పూర్తి బూట్లు, కాళ్ళు కప్పే బట్టలు, మెడలో ఈల. ఆపద అయితే ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు. పూర్తిగా తప్పిపోతే ఏ దిక్కుకు వెళ్తే రోడ్డు తగులుతుందో బయల్దేరేముందే అందరికీ చెప్పాలి. పూర్తి చేసినా చేయకపోయినా ఫలానా సమయానికి అందరూ వచ్చి పేరు చెప్పాలి. లెక్క సరిపోయేదాకా కోచ్ ఇంటికి వెళ్ళకూడదు.

అమ్మాయిల్ని జట్టులో సగం ఉండేలా చూసుకోవాలి. దానికి మహిళా శిక్షకురాలు, మరుగుదొడ్డి, తిరుగు ప్రయాణం ఏర్పాటు ముందే ఉండాలి. ఇంటికి వెళ్ళి అమ్మానాన్నలతో మాట్లాడాలి. ‘మా అమ్మాయి ఒక్కతే తోటల్లోకా?’ అన్న ప్రశ్న మూఢనమ్మకం కాదు. దళిత ఆడపిల్లలకు ఈ నేల మీద ఏం జరుగుతుందో తెలిసిన తల్లి అడిగే ప్రశ్న. దానికి మాటలతో కాదు, ఏర్పాట్లతో జవాబు చెప్పాలి.

పొలిమేర తెలిసినవాళ్ళం

ఈ విద్య మనకు కొత్త కాదు. దక్షిణాదిలో ఊళ్ళ మధ్య పొలిమేర తగాదా వస్తే వెలివాడకు చెందిన గ్రామసేవకుడిని పిలిచేవారని, ఊరి మట్టి ముద్ద నెత్తిన పెట్టుకుని అతను నడిచిన గీతే హద్దుగా చెల్లేదని బ్రిటిష్ అధికారులు రాసినవి 1909లో వచ్చిన ఎడ్గర్ థర్స్టన్ సంపుటాల్లో కనిపిస్తాయి. నేల ఆనుపానులు ఎవరికి తెలుసో ఊరందరికీ తెలుసు. కానీ ఆ నేల పటం కాగితం మీదికి ఎక్కినప్పుడు అది కరణం పెట్టెలో చేరింది. నడిచినవాడికి నేల దక్కలేదు, కాగితమూ దక్కలేదు. ఎవరెస్టు అన్న పేరు కూడా ఒక సర్వే అధికారిదే. ఆ సర్వేల్లో పరికరాలు మోసినవాళ్ళ, కొలగొలుసు లాగినవాళ్ళ పేర్లు మనకు తెలియవు.

ఆ కాగితాలే ఇవాళా మన బతుకుల్ని తేలుస్తున్నాయి. డీ పట్టా భూమికి ఎఫ్‌ఎంబీ పటం ఉంటుంది. పాతవాటిలో కొలతలు లింకుల్లో. 66 అడుగుల గొలుసుకు 100 లింకులు, పది చదరపు గొలుసులకు ఒక ఎకరం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 21న డ్రోన్లతో, రోవర్లతో భూముల రీసర్వే మొదలైంది. ఏరు కోసి, మేట వేసి, ఏటేటా ఆకారం మార్చే లంక భూములు సాగుచేసే కుటుంబాలకు ఆ కొత్త గీత ఎక్కడ పడుతుందన్నది బువ్వ సమస్య. సర్వేయరు పటం చేతికిచ్చి ‘ఇక్కడ సంతకం పెట్టు’ అన్నప్పుడు, దాన్ని నేలకు సరిపెట్టి, ఉత్తరం చూసుకుని, స్కేలు లెక్కగట్టి, ‘అయ్యా, మా గట్టు ఇక్కడ కాదు, పన్నెండు మీటర్లు అవతల’ అని చెప్పగలిగే మనిషి ప్రతి పేటలో ఒకరుంటే చాలా మారుతుంది.

ఓరియంటీరింగ్ నేర్చుకున్న పిల్లల్లో కొందరు పోటీల్లో పతకాలు తెస్తారు, కొందరు సైన్యంలోకో పోలీసులోకో అటవీశాఖలోకో వెళ్తారు. చాలామంది ఏ పతకమూ తేరు. కానీ వాళ్ళలో ప్రతి ఒక్కరికీ పటం చదవడం వస్తుంది. రాజమహేంద్రవరంలో ఉన్న విద్యార్థి సంఘాలు, హాస్టల్ వార్డెన్లు, ఎన్‌సీసీ చేసిన అన్నలు, అక్కలు కలిసి ఈ చలికాలం ఒక్క ఆవరణ, ఒక్క మ్యాపు, ఇరవై మంది పిల్లలతో మొదలుపెట్టవచ్చు. మొదటి రోజు చేయాల్సింది ఒక్కటే. గదిలో కిటికీ ఎటుందో, కాగితం మీద కిటికీని అటు తిప్పించండి.